మణిగిరి కోటకు దండు కట్టుకొని వచ్చిన అందరికీ

మొన్న శనివారం రాత్రి అనంతపురంలో మా నాటకం ఆడాం. చూసినవాళ్లు ఇప్పటికీ ఫోన్లు చేసి మెచ్చుకుంటున్నారు. చాలా సంతోషం. కానీ ఆ మెప్పులో పెద్ద వాటా ఒక్క డైలాగు కూడా లేనివాళ్లకు చెందాలి. మూడో అంకంలో కోట వాకిలి గుండా లోపలికి నడిచి వచ్చిన దండ్లకు. కరపత్రంలో వాళ్ల పేర్లు లేవు. అది అచ్చయ్యేనాటికి వాళ్లు వస్తారని మాకే తెలియదు. ఇప్పుడు పేర్లు రాస్తానంటే చాలామంది "వద్దులే అన్నా" అన్నారు. కాబట్టి ఊరు, పని చెప్పి దండం పెట్టుకుంటాను.

చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. మణిగిరి అనేది ఒక కల్పిత రాజధాని. ఉత్తరం నుంచి చీకటిదండు వచ్చి కోటను చుట్టుముడుతుంది. ఆ దండు అడుగుపెట్టిన ఊళ్లో దీపాలు వాటంతట అవే ఆరిపోతాయి, మళ్లీ వెలిగించినా అంటుకోవు. కోటలో నూనె ఉంది, వత్తి ఉంది, నిప్పు మాత్రం రోజురోజుకూ తగ్గిపోతోంది. రాజు ఏడు సీమల దొరలకు కబురు పంపుతాడు. ఎవరి సీమ నిప్పు వాళ్లు దివిటీల మీద కాపాడుకుంటూ, మనుషుల్ని వెంటబెట్టుకొని రావాలి. ఆరుగురు వస్తారు, ఒకడు రాడు. ఈ రాకడే మూడో అంకం. నాటకానికి ప్రాణం అక్కడే ఉంది. అది పండకపోతే ముందు ఎంత బాగా ఆడినా, వెనక ఎంత బాగా పోట్లాడినా లాభం లేదు.

ఆ సీనుకు మనుషుల్ని ఇస్తామని మాటిచ్చినవాళ్లు చివరి నిమిషంలో రాలేమన్నారు. పిల్లల పరీక్షలు ముందుకు జరిగాయట. వాళ్ల ఇబ్బంది వాళ్లది, ఎవరినీ తప్పుపట్టడం లేదు. మాకు మాత్రం నిద్ర పట్టలేదు. గ్రౌండు తీసుకున్నాం, మైకుసెట్టుకు అడ్వాన్సు ఇచ్చాం, ఊరంతా కరపత్రాలు పంచాం. ఆరుగురు దొరలు ఉన్నారు గానీ వాళ్ల వెనక నడిచేందుకు పట్టుమని పదిమంది లేరు. మా బృందంలో హార్మోనియం వాయించే పెద్దాయన వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు. "మాటలు లేవు, నడిస్తే చాలు, అన్నం పెడతాం" అని అంతే. అది ఎన్ని గ్రూపులు తిరిగిందో తెలియదు. తెల్లారేసరికి నాకు మొదటి ఫోను వచ్చింది.

"ఎంతమంది కావల్లన్నా? మా ఊర్లో చెక్కభజన ఆడే పిల్లోళ్లు ఉండారు. పంపిస్తా. డ్రెస్సులు మాత్రం మా దగ్గర లేవు."

కూడేరు వైపు నుంచి ఆ ఫోను. వాళ్లు సాయంత్రానికే ఆటో మాట్లాడుకొని రిహార్సల్‌కు వచ్చేశారు. చెక్కభజన చూసినవాళ్లకు తెలుసు, అందులో అడుగు తప్పితే పక్కవాడి చేతికి చెక్క తగులుతుంది. అందుకని వాళ్ల అడుగు తప్పదు. సైనికుల కవాతు నేర్పిద్దామని మేం అనుకుంటే, మా డైరెక్టరు వాళ్ల నడక చూసి "ఏమీ నేర్పొద్దు, చెక్కలు పక్కనపెట్టి ఇట్లే నడవమను" అన్నాడు. ముందుకు రెండు, వెనక్కి ఒకటి, మళ్లీ ముందుకు. కొండదారిలో నడిచి నడిచి అలసిన దండు వాకిలి చూసి తటపటాయించినట్టుగా కుదిరింది ఆ అడుగు. జనం మొదట ఈల వేసింది ఆ అడుగుకే.

తర్వాత కళ్యాణదుర్గం దగ్గర నుంచి గొర్లకాపరులు. కంబళ్లు కప్పుకొని, చేతిలో కర్రలతో, మేం ఏ మేకప్పూ వేయకుండానే మెట్టసీమ దొర దండు అయిపోయారు. వాళ్లలో అందరికంటే పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, దివిటీని కంబళి అంచుతో గాలికి అడ్డుపెట్టి పట్టుకొని వచ్చాడు. ఆ పని ఎవరూ చెప్పలేదు. మైదానంలో గాలి విసురుగా ఉంది, ఆయన చేతిలోది ఆరిపోకూడని నిప్పు అని కథలో విన్నాడు, అంతే. వాకిలి దాకా ఒక చెయ్యి కంబళి కిందే ఉంది, కళ్లు మంట మీదే ఉన్నాయి. నిప్పును రాజు ముందున్న పెద్ద దీపానికి అంటించాక గానీ తలెత్తి జనాన్ని చూడలేదు. అంతకంటే గొప్ప నటన నేను ఈ మధ్య చూడలేదు. ఆయన మాత్రం "నటన ఏముందప్పా, ఆరిపోతే కథ చెడదా?" అన్నాడు.

శింగనమల నుంచి తప్పెట కళాకారులు వచ్చారు. వాళ్లకు పెళ్లి బేరం ఒకటి ఉన్నా వదులుకొని వచ్చారని నాకు తర్వాత వేరేవాళ్లు చెప్పారు. వాళ్ల వాయింపు గురించి ఎంత రాసినా తక్కువే, కానీ వాళ్లు ఆపిన చోటు గురించి తప్పకుండా చెప్పాలి. ఒక దొర గుర్రం మీద రావాలి. పెళ్లిళ్లకు పంపే తెల్ల గుర్రాన్ని ఇచ్చిన అన్న దాని పక్కనే సాహిణి, అంటే గుర్రాన్ని చూసుకునేవాడి, వేషంలో నడుస్తూ వచ్చాడు. రిహార్సల్‌లో తప్పెట దరువుకు అది బెదిరింది. అప్పుడు ఆ కళాకారులే ఆలోచించి, గుర్రం కోట వాకిలి దగ్గరికి రాగానే దరువు ఒక్కసారిగా ఆపేశారు. అంతసేపు హోరెత్తిన మైదానంలో గిట్టల చప్పుడు ఒక్కటే వినిపించింది. అది మా ఐడియా అనుకొని మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. కాదు, పూర్తిగా వాళ్లది. గుర్రం బెదరకూడదన్న దయ నుంచి పుట్టింది.

ఇక ఈ సీనుకు లోపలి బలం ఇచ్చిన మనిషి గురించి వివరంగా రాయాలి. హిస్టరీ లెక్చరరుగా రిటైరైన ఒక సారు. స్క్రిప్టు చదివి రెండు సాయంత్రాలు మాతో కూర్చున్నారు. మా దొరలు అప్పటికి సినిమా దొరలు. కబురు అందగానే కత్తి ఎత్తి "రాజుకు నా ప్రాణం!" అని బయలుదేరేవాళ్లు. సారు ఒకటే అడిగారు: "ఆ దొర సీమలో పంట ఎవరిది? మనుషుల్ని మేపేది ఎవరు?"

విజయనగర సామ్రాజ్యంలో అమరనాయంకరం అనే పద్ధతి ఉండేది. రాజు నాయకుడికి సీమ ఇస్తాడు. ఆ రాబడిలో కొంత రాజుకు కట్టాలి, మిగిలినదాంతో ఇంత కాల్బలం, ఇన్ని గుర్రాలు, ఇన్ని ఏనుగులు అని లెక్క ప్రకారం సిద్ధంగా ఉంచాలి. పిలుపు వస్తే వాటితో రావాలి. అంటే దండుతో రావడం ప్రేమ ఒక్కటే కాదు, బాధ్యత, లెక్క, సీమ నిలుపుకోవడం కూడా. గుర్రాలు అమ్ముకోవడానికి వచ్చిన పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ 1535 ప్రాంతంలో ఈ నాయకుల లెక్కలు రాసిపెట్టాడు. ఒక్క పెద్ద నాయకుడి కింద 30,000 కాల్బలం, 3,000 గుర్రాలు, 30 ఏనుగులు ఉండాలని అందులో ఉంది. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు మీదికి కదిలినప్పుడు ఏ నాయకుడి వెనక ఎంత దండు నడిచిందో కూడా వరసగా రాశాడు. ఆ అంకెల్ని ఉన్నవి ఉన్నట్టు నమ్మనక్కర్లేదని సారే చెప్పారు. కానీ ఆ వరసలో ఒక మనిషి ఉన్నాడు, రాయలకు తాంబూలం అందించేవాడు. ఆయన కింద 15,000 కాల్బలం, 200 గుర్రాలు. ఏనుగులు మాత్రం లేవని రాశాడు న్యూనిజ్.

"ఏనుగులు లేవు" అన్న ఆ చిన్న మాట మా డైరెక్టరుకు ఎంత నచ్చిందంటే, ఆరో దొర ఆ రాత్రికి రాత్రే మారిపోయాడు. కొండసీమ వీరుడు పోయి, ఒకప్పుడు రాజుకు తాంబూలం అందించి ఇప్పుడు చిన్న సీమ ఏలుకుంటున్న ముసలివాడు వచ్చాడు. పెద్ద దొరల మధ్య కొంచెం బెరుకుగా, చివర్లో వస్తాడు. రాజు మాత్రం ఆయన పేరే ముందు పిలుస్తాడు. ఆ వేషం కట్టిన తమ్ముడు పగలు బైకుల మెకానిక్కు. గోళ్లలో గ్రీజు మరక పోలేదు, అలాగే తాంబూలం పట్టుకున్నాడు. ఆ చేతుల్ని చూసి ముందు వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

అదే పోర్చుగీసు రాతలో ఇంకో సంగతి ఉంది. రాయచూరు దారి పొడవునా నీళ్ల తిత్తులతో పది పన్నెండు వేలమంది నిలబడ్డారట. నీళ్లు మోసుకొచ్చే మనిషి లేనివాళ్లకు తాగించడం వాళ్ల పని. దండులో ఎవరూ దాహంతో చావకూడదని ఆ ఏర్పాటు. మన సీమలో పుట్టినవాళ్లకు ఈ మాట అందరికంటే ముందు అర్థమవుతుంది. గుత్తి నుంచి వచ్చిన ఒక పెద్దాయన వెంటనే తమ ఊరి కోట ముచ్చట ఎత్తుకున్నాడు. 1776లో హైదర్ అలీ ముట్టడికి గుత్తి ఏలిన మురారిరావు నెలల తరబడి నిలబడినా, కొండ మీద నీళ్లు అయిపోయి కదా లొంగాల్సి వచ్చింది అని. అంత ఎత్తున, అంత గట్టి కోట. గోడ పడలేదు, నీళ్లు అయిపోయాయి.

అక్కడే మా ఏడో సీమ కథ తేలిపోయింది. ఆ సీమ దొర రాడు. కానీ ఆ సీమ ఆడవాళ్లు నీళ్ల తిత్తులు, బిందెలు మోసుకొని దొర లేకుండానే వస్తారు. రాప్తాడు దగ్గర నుంచి కోలాటం ఆడే పొదుపు సంఘం అక్కలు ఈ వేషాలు వేశారు. బిందెల్లో నిజంగానే నీళ్లు పోసుకొని వచ్చారు. ఖాళీ బిందె నడక వేరు, నిండు బిందె నడక వేరు, జనానికి తెలిసిపోతుంది అన్నారు. స్టేజీ మీద దండులో అందరికీ దోసిట్లో నీళ్లు పోశారు. అప్పటిదాకా ఎండలో, దుమ్ములో ప్రాక్టీసు చేసి ఉన్న కూడేరు పిల్లలు నిజంగానే గటగటా తాగారు. ఒక అక్క ఇంకా ముందుకొచ్చి స్టేజీ అంచున కూర్చున్న చిన్నపిల్లలకు కూడా పోసింది. అది స్క్రిప్టులో లేదు. ఇకమీదట ఎక్కడ ఆడినా ఉంటుంది.

పెనుకొండ సంగతి కూడా సారు చెప్పిందే. నాటకం చూసి "ఇలాంటిది నిజంగా జరిగిందా?" అని అడిగినవాళ్లకు ఇదే నా జవాబు. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగరం పాడుపడితే రాజధాని మన పెనుకొండకు వచ్చింది. జిల్లాలు విడిపోయాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, మాకు ఇప్పటికీ అనంతపురం పెనుకొండే. వెంకటపతి రాయలు ఏలుతున్నప్పుడు గోల్కొండ మహమ్మద్ కులీ కుతుబ్ షా, హైదరాబాద్ కట్టించిన ఆయనే, వచ్చి పెనుకొండను ముట్టడించాడు. రాయలవైపు నుంచి సంధి మాటలు మొదలయ్యాయి. పోరు ఆగిన ఆ కొద్ది రోజుల్లోనే కోటలోకి తిండిగింజలు, సరుకులు చేర్చుకున్నారు. జగదేవరాయలు, ఇంకొందరు నాయకులు తమ దండ్లతో కోటలోకి వచ్చేశారు. ఆ తర్వాత ముట్టడి ఎంత బిగించినా పెనుకొండ చిక్కలేదు. గోల్కొండ సేన వెనక్కి మళ్లింది. జగదేవరాయలకు ఆ సాయానికి గుర్తింపుగా ఇప్పటి కర్ణాటకలోని చన్నపట్నం సీమ దక్కింది.

మనం బస్సులో పోతూ కిటికీలోంచి చూసే కొండే అది. సీమ సీమల నుంచి వచ్చిన దండ్లు రాజధానిని కాపాడిన కథ ఎక్కడో కల్పనలో వెతుక్కోనక్కర్లేదు, మన జిల్లా దారిలోనే ఉంది. ఈ సంగతి తెలిశాక నటులందరి నడక మారింది. ఒక ఆదివారం సారు వాళ్లను పెనుకొండకు తీసుకెళ్లి, కోట గోడ పక్కన నిలబెట్టి, వాకిలి ఎటు, దండు ఎటు నుంచి వచ్చి ఉంటుంది అని వాళ్లనే ఊహించమన్నారు. సారూ, మీకు శాలువా కప్పుదామంటే వద్దన్నారు. ఈ నాలుగు మాటలైనా తీసుకోండి.

నాటకంలో ఒక మాట చాలామంది ఫోన్లలో అడిగారు. గోడమీద నిలబడి వచ్చే దండును లెక్కపెట్టే కాపలావాడు, మూడో దొర వెనక పన్నెండు మందిని చూసి "ఇంతేనా?" అంటాడు. పక్కనున్న ముసలమ్మ జవాబు చెప్పదు, కిందికి దిగి వాళ్లకు కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు ఇస్తుంది. మనుషులు తక్కువైనందుకు ఆ మాట అప్పటికప్పుడు కలిపారా అని అడుగుతున్నారు. కాదు, మొదటి నుంచీ ఉంది. దొరలు తక్కువమందితోనే రావాలి. ఎందుకంటే వాళ్ల సీమల సరిహద్దులకూ చీకటి వస్తోంది, ఇంటి దగ్గర కూడా మనుషుల్ని వదిలి రావాలి. తెర మీద కంప్యూటరుతో లక్షమందిని చూపించే రోజులివి. అందులో ఒక్కడి ముఖమైనా మనకు గుర్తుంటుందా? మా వాకిలి గుండా వచ్చినవాళ్లు ప్రతి ఒక్కరూ ఎవరో ఒకరికి తెలిసినవాళ్లే. "మా పెదనాయనరా అది!" అని జనంలోంచి అరుపులు వినిపించాయి. ముట్టడిలో ఉన్న ఊరికి సాయం వచ్చిందంటే ఎలా ఉంటుందో ఆ అరుపులే చెప్పాయి. మేం రాసిన ఏ పద్యమూ అంత చెప్పలేదు.

ఇంకా చాలామంది ఉన్నారు. ఈటెలు చేసిచ్చిన వెల్డింగ్ షాపు అన్న కరెంటు పైపుల చివర రేకు మొనలు అతికించి, పిల్లలకు గీసుకోకుండా ప్రతి మొననూ ఆకురాయితో రాసి మొద్దు చేశాడు. డబ్బు ఇవ్వబోతే రేకు ఖర్చు మాత్రం తీసుకున్నాడు. ధర్మవరం నుంచి ఒక నేత కుటుంబం మగ్గం దగ్గర మిగిలిన పట్టు ముక్కలన్నీ మూటగట్టి పంపింది. మా కాలనీ టైలరక్క వాటితో ఆరు సీమలకు ఆరు జెండాలు కుట్టింది. లైటు పడగానే ఆ జరీ అంచులు మెరిసిన తీరు ఫొటోల్లో సరిగ్గా రాలేదు, చూసినవాళ్లకే తెలుసు. ఏడో సీమకు జెండా లేదు, ఆ అక్కల కొంగులే జెండాలు అని కుట్టిన ఆవిడే తేల్చింది.

అన్నం సంగతి చెప్పకపోతే పాపం. "అన్నం పెడతాం" అని వాయిస్ మెసేజ్‌లో చెప్పేశాం గానీ, ఇంతమంది వస్తారని వంట లెక్క వేసుకోలేదు. బుక్కరాయసముద్రం నుంచి ఒక మెస్సు నడిపే అక్క ఫోను చేసి "రిహార్సల్ రోజు ఉగ్గాణి, బజ్జీలు నావి. నాటకం రోజు రాత్రి సంగటి, చెనక్కాయల చట్నీ, పప్పు కూడా నావే" అంది. నాటకం అయ్యాక అర్ధరాత్రి దాటాక మైదానంలో అందరూ వరసగా కూర్చున్నారు. చీకటిదండు వేషం వేసినవాళ్లు, మణిగిరి కాపలావాళ్లు, ఆరు సీమల దొరలు, గుర్రం అన్న, తప్పెట అన్నలు. గొర్లకాపరి పెద్దాయన పక్కనే చీకటిరాజు కూర్చొని, ముఖం మీద నల్లరంగు అలాగే ఉంచుకొని సంగటి ముద్ద చట్నీలో అద్దుకొని తింటున్నాడు. అక్క తను చివర తింది. అందరికీ వడ్డించే దాకా కూర్చోనేలేదు.

మైకుసెట్టు, లైట్ల పిల్లలకు, గ్రౌండు ఇచ్చిన స్కూలు పెద్దలకు, ఆదివారం పొద్దున్నే వచ్చి చెత్త ఎత్తిన పారిశుధ్య కార్మికులకు, గుర్రం వచ్చేటప్పుడు రోడ్డు మీద బండ్లు ఆపిన హోంగార్డు అన్నకు పేరుపేరునా నమస్కారాలు.

కడప జిల్లాలోని సురభి అనే ఊళ్లో 1885లో ఒక కుటుంబం నాటకం ఆడింది. అక్కడి నుంచి మన తెలుగు రంగస్థలం ఎంత దూరం నడిచిందో అందరికీ తెలుసు. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ, ధర్మవరం రామకృష్ణమాచార్యులు నడిచిన నేల మనది. ఇక్కడ నాటకానికి జనం రారు అని ఎవరైనా అంటే నాకు బాధగా ఉంటుంది. చూడటానికి రావడం సరే, ఆడటానికి కూడా వచ్చారు. అదీ పిలవగానే, బేరాలు వదులుకొని, సొంత ఆటో ఖర్చులతో.

ఇప్పుడు కొన్ని పనులు మిగిలి ఉన్నాయి. కళ్యాణదుర్గం వాళ్ల కంబళి ఒకటి మా దగ్గరే ఉండిపోయింది. అంచున ఎర్ర దారం కుట్టు ఉంది. ఈ వారం అటు వచ్చేవాళ్లతో పంపిస్తాం. రాప్తాడు అక్కల స్టీలు బిందెలు రెండు, ఎవరిదో ఒక టిఫిన్ క్యారియరు హార్మోనియం పెద్దాయన ఇంట్లో భద్రంగా ఉన్నాయి. ఆటోల ఖర్చు ఎంతైందో కూడేరు తమ్ముళ్లు ఎంత అడిగినా చెప్పడం లేదు. దయచేసి చెప్పండి, చందాల్లో కొంత మిగిలింది, అది ముందు మీకే. ఈటెలు, జెండాలు కట్టగట్టి ఉంచాం. ఏ స్కూలు వాళ్లయినా వార్షికోత్సవానికి అడిగితే ఉచితంగా ఇస్తాం, వాడుకొని తిరిగి ఇవ్వండి. తర్వాతి ప్రదర్శన పెనుకొండలో వేయాలని గట్టిగా అనుకుంటున్నాం. తేదీ ఖాయమయ్యాక మొదటి ఫోను మీ అందరికే చేస్తాను. ఈసారి కరపత్రం మీ పేర్లతోనే అచ్చవుతుంది, వద్దంటే వినేది లేదు.